నా ‘పద్దెనిమిది’ యాడికి పోయిందిరా?

ఆదివారం పొద్దున. పగిడ్యాలలో ఓ ఇంటి అరుగు. హైదరాబాద్‌ నుంచి వచ్చిన మనవడు ఫోనులో మ్యాప్‌ తెరిచి తాత చేతిలో పెట్టాడు. తాతది ముప్ఫయ్యేళ్లు లారీ తోలిన చెయ్యి. కళ్లజోడు సవరించుకుని కర్నూలు వెదికి పట్టుకున్నాడు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప... వేలు తడబడకుండా సాగింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

‘ఒరేయ్‌, నా పద్దెనిమిది యాడికి పోయిందిరా?’

పద్దెనిమిదే కాదు, ఏడూ కనిపించలేదు. కర్నూలు మీదుగా వారణాసి–కన్యాకుమారి రోడ్డును డ్రైవర్లంతా ‘ఏడో నంబరు’ అనేవాళ్లు. కర్నూలు–చిత్తూరు దారి ‘పద్దెనిమిది’. తాత పాత ట్రిప్పుల పుస్తకం నిండా ఆ రెండంకెలే. ‘అయితే నేను తిరిగిన రోడ్లే లేవా?’ అంటూ ఫోను తిరిగిచ్చేశాడు.

రోడ్లు ఎక్కడికీ పోలేదు. నంబర్లే మారాయి. 2010లో దేశంలోని జాతీయ రహదారులన్నింటికీ కేంద్రం కొత్త అంకెలిచ్చింది. ఉత్తర–దక్షిణంగా పోయే వాటికి సరిసంఖ్యలు, తూర్పు–పడమరగా పోయే వాటికి బేసిసంఖ్యలు. మూడంకెలుంటే అది కొమ్మ రోడ్డు. చివరి రెండంకెలు దాని తల్లి రోడ్డువి. అలా కర్నూలు మీది ఏడు, శ్రీనగర్‌–కన్యాకుమారి 44లో కలిసింది. పద్దెనిమిది 40 అయింది. మరి ఆ పాత అంకెలు? ఏడు ఇప్పుడు పంజాబ్‌లోని ఫాజిల్కా నుంచి హిమాలయాల్లోని మాణా వైపు పోతోంది. పద్దెనిమిది జార్ఖండ్‌, ఒడిశాల వైపు తేలింది!

మనవడి ఉద్యోగం మ్యాపులతోనే. తాత ముఖం చూశాక ఊరుకోలేకపోయాడు. లాప్‌టాప్‌ తెరిచాడు.

డిజిటల్‌ మ్యాపులో రోడ్డు నంబరు వేరు, దాని బొమ్మ వేరు. నంబరు రోడ్డు గీతకు అంటిపెట్టుకుని ఉండే సమాచారం. దాన్ని డాలు ఆకారంలో చూపాలా, డబ్బాలోనా, ఏ రంగు వేయాలి, అక్షరం ఎంత ఉండాలి... ఇవన్నీ చెప్పేది ఇంకో ఫైలు. మనిషి ఒకడే, చొక్కాలు వేరన్నట్టు. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ సమాచారాన్ని ఎవరైనా తీసుకుని, తమకు నచ్చిన చొక్కా తొడుక్కోవచ్చు. పాత నంబరు రాసుకోవడానికీ అందులో ఓ గడి ఉంది.

మధ్యాహ్నానికి మనవడి మ్యాపు సిద్ధమైంది. మీద పెద్దగా ‘18’, కింద చిన్నగా ‘40’. తాత సంబరపడతాడనుకున్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

‘తప్పురా. రాత్రిపూట బండి తోలేవాడు ముందు బయట బోర్డు చూస్తాడు. ఆడ ఏముందో ఫోన్లో అదే ఉండాల. నా ముచ్చట కోసం ఇంకొకడు దారి తప్పకూడదు.’

మనవడు తలకిందులు చేశాడు. కొత్తది పైన, పాతది కింద. రోడ్డు పక్కన జాతీయ రహదారి బోర్డుల్లాగే పసుపు పలక మీద నల్ల అంకెలు పెట్టాడు. రాష్ట్ర రహదారులకు మైలురాళ్ల నెత్తిన కనిపించే ఆకుపచ్చ రంగు.

తాత ఈసారి నందికొట్కూరు వైపు చూశాడు. కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా దోర్నాల పోయే రోడ్డు పక్కన ‘340’ అని ఉంది.

‘బస్సులో పోతా బోర్డు చూసినా. చివర్న ‘సి’ ఉండాలే?’

ఉండాలి. మూడంకెలకు కొలిచిన పలకలో నాలుగో అక్షరం పట్టక రాలిపోయింది. ఒక్క అక్షరమే కదా అనుకుంటే పొరపాటు. ‘సి’ లేని 340 రాయచోటి వైపున్న మరో రహదారి! అందుకే అక్షరాలు ఎన్నుంటే అంత వెడల్పు పలక వేయమని ఫైలులో చెప్పాలి. మనవడు నాలుక కరుచుకుని సరిదిద్దాడు.

సాయంత్రం తాత మళ్లీ ఫోను అందుకున్నాడు. కర్నూలు దగ్గర పసుపు పలకలో 40. దాని కింద, గమనిస్తేనే కనిపించేంత చిన్నగా, 18.

‘ఇప్పుడు కుదిరింది. పైది బండికి, కిందిది నాకు.’

వేలు మళ్లీ బయల్దేరింది. నంద్యాల దాటింది. ఆళ్లగడ్డ దగ్గర నిలిచింది. ‘ఈడ్నే ఓ టీ కొట్టుండేది...’ అని మొదలుపెట్టాడు తాత. మనవడు లాప్‌టాప్‌ మూసేసి, అరుగు మీద ఆయన పక్కకు జరిగాడు.