వణుకు వెనుక మందుచీటీ

నేను సర్వీసులో ఉన్న రోజుల్లో, చేతుల వణుకుతో, బిగుసుకున్న నడకతో నలభై ఏళ్ల గృహిణి ఒకరు వచ్చారు. పార్కిన్సన్ వ్యాధి అని రాయబోతుండగా ఆమె తలవంచుకొని, "చంటిబిడ్డ లేకపోయినా పాలు వస్తున్నాయండీ" అన్నారు.

మెదడులో డోపమిన్ మన కదలికలను సాఫీగా నడిపిస్తుంది. పిట్యూటరీ గ్రంథి స్రవించే, పాల ఉత్పత్తికి కారణమైన ప్రొలాక్టిన్‌ను అదుపులో ఉంచేదీ అదే. ఆ డోపమిన్‌ను ఏదో అడ్డుకొంటున్నదని అప్పుడు స్ఫురించింది. మందుల సంచి విప్పించాను. వాంతులకని మెటోక్లోప్రమైడ్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నారు. చీటీ మీద సంతకం నాదే. మాన్పించిన కొన్ని వారాలకు రెండు బాధలూ తగ్గాయి.

ప్రతి వణుకూ పార్కిన్సన్ వ్యాధి కాదు. వాడుతున్న మందులన్నీ వైద్యునికి చూపించండి. సొంతంగా ఏదీ ఆపకండి. పార్కిన్సన్ రోగులకు ఈ మాత్ర తగదు. వాంతులకు మందు అడిగేటప్పుడు ఆ వ్యాధి సంగతి ముందుగా చెప్పండి.