లారీ దిగినవానికి తగిన పని

మా చేజర్ల ప్రాంతమున చాలినంత పొలము లేని యింట పుట్టిన బాలునకు లారీ దగ్గరి దారి. నెల్లూరినుండి ఆత్మకూరు, బద్వేలు మీదుగా పడమటికి పోవు పెద్దబాట, తూర్పున చెన్నై కలకత్తా బాట, 2008లో తెరవబడిన కృష్ణపట్నపు క్రొత్త రేవు, పొదలకూరి నిమ్మకాయల బజారు, డి.సి.పల్లి, కలిగిరి పొగాకు వేలము కేంద్రములు, ఇవన్నియు లారీలను పిలుచుచునే యుండును. నేడు క్లీనరుగా ఎక్కిన బాలుడు నాలుగేండ్లకు స్టీరింగు పట్టును. ఎక్కుటకు ఎవరి యుపదేశమును అక్కఱలేదు; దిగుట యెట్లో చెప్పువారు మాత్రము అరుదు. మేము ఆరేండ్లు లారీ నడిపి, దిగి, చదివి, ఉపాధ్యాయులమైతిమి. మా విద్యార్థుల తండ్రులలో కొందరు నేడును లారీలమీదనే యున్నారు. వారిలో ఇద్దరు ముగ్గురు ఈ యేడు మమ్మడిగిన ప్రశ్న యొక్కటే: "మాస్టరుగారూ, బండి దిగితే బ్రతుకెట్లు? చదువుకొంటూ చేసే పని ఏముంది?" వారికి చెప్పిన సమాధానమునే, పదిమందికి పనికివచ్చునని, ఇచ్చట వ్రాయుచున్నాము.

1999లో మేము ఇంటర్మీడియటు పూర్తిచేసిన వేసవిలో మా తండ్రిగారికి పక్షవాతము వచ్చెను. ఎకరమున్నర మెట్ట, ఒక గేదె, పెండ్లి కావలసిన చెల్లెలు, ఇవి మా యింటి లెక్క. క్లీనరుగా చేరి తాళ్లు బిగించుట, టార్పాలిను కప్పుట, టైర్లు మార్చుట నేర్చితిమి. సరకు వాహనము నడుపుటకు చట్టము కోరు 20 ఏండ్లు నిండగానే, 2001లో లైసెన్సు పొందితిమి. ఆ పనిని మేము నిందింపము. ఆ జీతముతోనే తండ్రిగారికి మందులు వచ్చెను, చెల్లెలి పెండ్లి జరిగెను. కాని దాని స్వభావము వేఱు. నిమ్మకాయల లోడు ఎత్తినప్పుడు కాయ చెడకముందే బజారు చేరవలెను గాన రాత్రియు పగలును ఒక్కటే. బియ్యము, బొగ్గు, సిమెంటు త్వరగా చెడవు. అందుచేత వానిని దించుకొనువారికి తొందర లేదు, డ్రైవరే కాచుకొనియుండవలెను. జీతము ట్రిప్పునకే గాని నిలిచిన దినములకు కాదు.

అట్టి స్థితిలోనే 2005లో సార్వత్రిక విశ్వవిద్యాలయమున బి.ఏ.కు చేరితిమి. 1982లో స్థాపింపబడి, పిమ్మట డాక్టరు అంబేద్కరుగారి పేరు ధరించిన యా విశ్వవిద్యాలయము పనిపాటలు చేసికొనువారి కొఱకే యేర్పడినది. పుస్తకములను సీటు క్రింద టార్పాలిను ముక్కలో చుట్టి యుంచి, బండి నిలిచిన చోటనెల్ల చదివితిమి. పరీక్షల సంగతి యజమానికి పదునైదు దినములు ముందుగనే చెప్పితిమి, ఆయన సరేననెను. కాని దూరప్రాంతపు కర్మాగార మొకదాని వాకిట సరకు దించు వరుసలో నాలుగు దినములు నిలువవలసివచ్చినందున మొదటి రెండు పరీక్షలు దాటిపోయెను. హాలుటిక్కెట్టు మా చొక్కా జేబులోనే యుండెను.

మేము నడిపిన దినములలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము అమలులో నుండెను. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలకు మించి పని చేయింపరాదని దాని నియమము. మాకు చిక్కు తెచ్చినది గంటల సంఖ్య గాదు. బడికి పోవువానికి రేపు పది గంటలకు తానెక్కడ నుండునో నేడే తెలియవలెను. లారీ నడుపువానికి అది తెలియదు. అతని కాలము సరకుతోడి కాలము. ఈ సంగతి స్పష్టమైన పిమ్మట, చదువు సాగవలెనన్న లారీ విడువవలసినదేయని నిశ్చయించితిమి.

అయినను వెంటనే విడువలేదు. ఎనిమిది నెలలు అదనపు ట్రిప్పులు వేసి, పెండ్లి అప్పులో వడ్డీ హెచ్చుగా నున్న భాగమును తీర్చి, రెండేండ్ల ఫీజులకు సరిపడు సొమ్ము తపాలా కార్యాలయమున దాచితిమి. ఆ నెలలలోనే తగిన పనికొఱకు విచారించితిమి. ఆ పనికి నాలుగు లక్షణములు కోరితిమి: మొదలును తుదియు గడియారము ననుసరించి యుండవలెను, రాత్రి నిద్ర ఇంటనే యుండవలెను, ఆదివారము మనదై యుండవలెను, నేర్చిన చేతిపని వృథా గాకుండవలెను. సొంత ఆటో కొన్నవారికి నెలవారీ కంతు తరుముచుండును. కంతు తరుమునప్పుడు పుస్తకము తెరవబుద్ధి పుట్టదు. ట్రాక్టరు పని దుక్కులకాలమున తెల్లవార్లు నడచి, తక్కిన దినములలో పూర్తిగా నిలిచిపోవును. దుకాణమున గుమాస్తా పనిలో రాత్రి తొమ్మిదివఱకు సెలవు లేదు. చివరకు పాఠశాల బస్సు దొరికినది. పాఠశాల బస్సు నడుపువానికి భారీవాహనములు నడిపిన ఐదేండ్ల అనుభవము ఉండవలెనని సుప్రీంకోర్టు 1997లో ఆదేశించియుండెను. మా ఆరేండ్ల లారీ పని అచ్చట యోగ్యతా పత్రమైనది.

లారీమీద బత్తాతో కలిపి నెలకు ఆరువేలు వచ్చుచుండెను. బస్సుమీద మూడువేల రెండువందలు. మా యింటివారు కుట్టుమిషనుమీద సంపాదించు స్వల్పమే మిగిలిన యాధారము. ఈ లెక్క వినిన బంధువులు మతి పోయినదనిరి. మా తల్లిగారు మాత్రము, "నాయనా, రాత్రి నీవు ఇంట పండుకొంటే నేను ఒక ముద్ద తక్కువ తిని కూడ నిద్రపోతాను" అనెను. ఆమె ఆరేండ్లు సరిగా నిదురించలేదని మాకు అప్పుడు తెలిసినది.

బస్సు ఉదయము ఏడింట బయలుదేరి తొమ్మిదికి బడి చేరును. మరల సాయంకాలము నాలుగింటికి కదలును. బండి కడిగి, నూనె, బ్రేకులు చూచుటకు ఒక గంట పోగా, నడుమ ఆరు గంటలు మావి. గానుగచెట్టు నీడలో బస్సు మెట్టుమీద కూర్చుండి మూడేండ్లు చదివితిమి. మొదట మాతోడి డ్రైవర్లు నవ్విరి. పిమ్మట వారే కునుకుతీయుచు, "చదువు, మేము లేపుతాము" అనుచు వచ్చిరి. వేసవియే కష్టకాలము. పాఠశాల బస్సుల యోగ్యతా పత్రములు మే 15తో ముగియును. తనిఖీయై జూన్‌లో బడి తెరచువఱకు సగము జీతమే. ఆ నెలలో నిమ్మకాయల బస్తాలు కుట్టు పనికి పోతిమి.

ఆదివారముల విషయమున మఱియొక చిక్కు కలిగెను. విశ్వవిద్యాలయపు తరగతులును ఆరాధనయు ఒకే వేళకు వచ్చుచుండగా సంఘములో కొందరు గొణిగిరి. మా కాపరిగారు, తరగతి లేని ఆదివారములలో తప్పక రమ్మనియు, ఉన్న దినమున సాయంకాలపు కూటమునకు రమ్మనియు మాతో చెప్పి, ఆ మాటనే సంఘమెదుట ప్రకటించిరి. అటుతరువాత గొణుగుడు వినబడలేదు.

2010లో బి.ఏ. ముగిసెను. అప్పటికి బస్సులో మా వెనుక సీటున కూర్చుండు పిల్లలు లెక్కలు, చరిత్ర ప్రశ్నలు మమ్మడుగుట అలవాటు చేసికొనిరి. వారికి చెప్పుచుండగనే ఉపాధ్యాయవృత్తిమీద కోరిక పుట్టినది. మరుసటి యేడు నెల్లూరిలో బి.ఎడ్. శిక్షణకు చేరితిమి. నాడది ఒక్క యేటి చదువు, 2015నుండి రెండేండ్లైనది. పగలెల్ల కళాశాలకే పోవునందున బస్సు విడిచి, మేనత్తగారి యింట నుండి, తెల్లవారుజామున నాలుగింటినుండి ఏడింటివఱకు పాలపొట్లముల బండి నడిపితిమి. రాత్రి తొమ్మిదికే దీపమార్పుట మాత్రము తప్పనిసరి నియమముగా పెట్టుకొంటిమి. నిద్రలేనివాడు బండి నడుపుట తనకును ఎదుటివానికిని అపాయము.

ఇప్పుడు దిగగోరు సోదరులకు మా మనవి యిది. జీతమెంతయని అడుగుటకు ముందు వేళలేవియని అడుగుడు. పాఠశాల బస్సు, పాల బండి, వేళ నిర్ణయమైన కార్యాలయపు వాహనము చదువునకు అనుకూలములు. ప్రభుత్వ పథకములను నమ్మునప్పుడు అవి మారుననియు తలపోయుడు. 2021లో రేషను బియ్యము ఇంటింటికి చేర్చు బండ్లు మన రాష్ట్రమున వచ్చెను. ఎందఱో డ్రైవర్లు వానిని నమ్మిరి. 2025 జూన్ 1తో ఆ పద్ధతి నిలిచిపోయెను. పదవ తరగతి లేనివారు నిరాశపడవలదు. 1991లో నెలకొన్న మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠమున 14 ఏండ్లు నిండిన యెవరైనను పదవ తరగతికి చేరవచ్చును. అన్ని విషయములును ఒక్క పర్యాయమే ఉత్తీర్ణము గానక్కఱలేదు, ఒక్కొక్కటిగా సాధింపవచ్చును.

ప్రియ విద్యార్థులారా, మీలో ఈ వేసవికి క్లీనరుగా పోదలచినవారు కలరని మేమెఱుగుదుము. సరకు వాహనపు లైసెన్సునకు ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నియమము పూర్వము కలదు. 2019లో అది తీసివేయబడినది. కావున లారీ యెక్కుటకు చదువు వలదు. దిగుటకు మాత్రము చదువు కావలయును. ఆ చదువును ఇరువదియాఱవ యేట, అప్పుతో, సంసారముతో, బస్సు మెట్టుమీద కూర్చుండి సంపాదించుటకంటె, పదునాఱవ యేట బల్లమీద కూర్చుండి సంపాదించుట చాల చౌక. ఇంటి పరిస్థితి మిమ్ము తరిమినచో, బడి మానకముందు మాతో ఒక్కమాట చెప్పుడు. ప్రతి శనివారము సాయంకాలము బడి విడిచిన పిమ్మట మేము పుస్తకశాలలో నుందుము. మీ తండ్రులను గూడ వెంటబెట్టుకొని రండు. బండి నిలిచిన దినమే యైనను, బాటమీదనుండి నేరుగా వచ్చినను, వారికొఱకు కుర్చీ వేసి కూర్చుందుము.