తల ఎత్తని కెమెరా

చార్మినార్ ఎదుట నిలబడి ఫొటో తీసిన వాళ్ళు మీలో చాలామందే ఉంటారు. తీరా ఫొటో చేతికొచ్చాక చూస్తే, మినార్లు ఏదో గుట్టు చెప్పుకుంటున్నట్టు పైన ఒకదానివైపు ఒకటి వాలి ఉంటాయి. కట్టినవాళ్ళ తప్పేమీ లేదు. కట్టడమంతా పట్టాలని మనం కెమెరా మొహం పైకెత్తుతాం. దాంతో పైభాగం చిన్నదై, నిలువు గీతలు దగ్గరకు జరుగుతాయి. గోడలు నిటారుగా ఉంటాయని తెలుసు కనుక మన మనసు సర్దుకుపోతుంది. కెమెరాకు మనసెక్కడిది, పాపం!

దీనికి మందు పాతదే. తోలుతిత్తి కెమెరాల రోజుల్లో కెమెరాను వంచకుండా ముందున్న లెన్సును మాత్రం పైకి జరిపేవారు. చిన్న ఫిల్ము కెమెరాలకు ఆ వీలు లేకపోయింది. 1962లో నికాన్ వారు 35 మిల్లీమీటర్ల పీసీ నిక్కోర్ తెచ్చారు. అది 11 మిల్లీమీటర్లు జరుగుతుంది. 1973లో వచ్చిన కానన్ వారి లెన్సు జరగడమే కాదు, వాలుతుంది కూడా. ఈ లెన్సులు వేసే బొమ్మ ఫిల్ము గడికంటే పెద్దది. గుడ్డ మిగులు ఉంటే జాకెట్టు మీద పువ్వు ఎక్కడ పడాలో చూసుకుని కత్తిరిస్తామే, అలాగన్నమాట.

1998లో మా అమ్మ పుట్టిల్లు అమ్మకానికి వచ్చినప్పుడు, చిన్నమామయ్య అలాంటి లెన్సు ఎవరినో అడిగి తెచ్చాడు. తాతగారు దారానికి గుండు కట్టి, ప్రతి స్తంభమూ నిటారుగా ఉందో లేదో స్వయంగా చూసుకుని కట్టించిన మేడ అది. పాత ఫొటోల్లో మాత్రం వెనక్కి పడిపోతున్నట్టే ఉండేది.

"ఇంకాస్త వెనక్కెళ్ళి తియ్యరాదూ మామయ్యా?" అన్నాను.

"వెనకాల కాలవుందే పిల్లా!" అని నవ్వి, స్టాండు మీద కెమెరాను నిటారుగా నిలబెట్టి చిన్న మర తిప్పాడు. నన్నూ చూడనిచ్చాడు. వాకిట్లో మట్టి తగ్గుతూ, పిట్టగోడ మెల్లగా గడిలోకి దిగివచ్చింది. స్తంభాలు కదిలితే ఒట్టు!

ఫొటో చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నగారు చూస్తే ఒప్పుకునేవారు" అంది చివరికి.

ఇప్పుడు వాలిన గోడల్ని కంప్యూటరులో సరిచేయవచ్చు. కాకపోతే బొమ్మను సాగదీశాక అంచులు కోసెయ్యాలి. మా ఫొటోలో కుడి అంచున అమ్మమ్మ నాటిన కొబ్బరిచెట్టు ఉంది. కోత పడితే ముందు పోయేది అదే. ఇవాళ ఆ మేడా లేదు, చెట్టూ లేదు. ఫొటోలో మాత్రం రెండూ నిటారుగా ఉన్నాయి.