ఫ్రిస్కో బడులలో శరత్కాలము

అమెరికా దేశమున టెక్సస్ రాష్ట్రములో, డాలస్ మహానగరమునకు ఉత్తరదిశగా, ఒకనాడు ప్రత్తియు గోధుమయు పండిన నల్లరేగడి నేలమీద, పొగబండ్ల యంత్రములకు నీరుపట్టు తావు కావలసివచ్చుటచేత వెలసిన ఊరు ఫ్రిస్కో. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో అచ్చటి రైలుమార్గమును వేసిన సెయింట్ లూయీ-శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే సంస్థ పేరునుండియే ఊరికి పేరు వచ్చినది. సాగదీసి ఆరవేసిన రకూన్ చర్మమువంటి ఆకారము ఆ సంస్థ ముద్రగా ఉండెడిది గనుక, ఊరి పాత హైస్కూలు జట్లకు నేటికిని ఆ చారలతోక జంతువే చిహ్నము. 2003లో సెంటెన్నియల్ హైస్కూలు తెరచువరకు ఫ్రిస్కో విద్యామండలమునకు ఉన్నత పాఠశాల ఒక్కటియే; 2022లో పాంథర్ క్రీక్ తెరచునాటికి అవి పన్నెండైనవి. అఱువది వేలకు పైబడిన బాలబాలికలు నేడు ఈ ప్రభుత్వ పాఠశాలలలో చదువుచున్నారు. వారిలో ఆసియా సంతతివారే అతిపెద్ద వర్గము; అందు మన తెలుగు కుటుంబముల బిడ్డలు ఏ తరగతి గదిలోనైనను కనబడుదురనుట అతిశయోక్తి కాదు. కార్యసిద్ధి హనుమంతుని ఆలయము వెలసిన ఊరిదియే.

బడిపంతులుగా జీవితము గడపిన నాకు పరదేశమున మొదట చూడదగినవి బడులే యని తోచును. కావున ఒక అక్టోబరు మాసమున, చిరకాల మిత్రుని కుమార్తె యింట అతిథిగా ఉండి, వారి పిల్లలు చదువు బడులను, ఆ బడులచుట్టు అల్లుకొన్న ఊరి జీవనమును కన్నులార చూచితిని. ఇక్కడ విద్యాసంవత్సరము ఆగస్టు నడుమనే ఆరంభమగును. అప్పటికి ఎండలు మన రోహిణీకార్తెను తలపించును. సెప్టెంబరు గడచినను ఆ వేడి చల్లారదు. పిదప ఒకానొక రాత్రి ఉత్తరమునుండి చలిగాలి వీచి, తెల్లవారుసరికి పిల్లలందఱు చేతులు మూసిన చొక్కాలతో పసుపుపచ్చని బస్సులకొఱకు వీథిమూలల నిలుచుండగా, శరత్తు వచ్చినదని అందఱు గ్రహింతురు. ఆ బస్సుల పసుపురంగు ఏదో అలంకారము కొఱకు ఎంచినది కాదు: 1939లో కొలంబియా విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ సైర్ అను ఆచార్యుడు కూర్చిన సభలో, ఉదయసంధ్యల మసకవెలుతురునందు నల్లని అక్షరములు ఆ రంగుమీదనే స్పష్టముగా కనబడునని నిర్ణయించి, దేశమంతటికిని దానిని సిఫారసు చేసిరి.

మన జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలను ఎఱిగినవారికి ఇచటి ఏర్పాటు కొంత వింతగా తోచును. ఈ విద్యామండలము పురపాలక సంఘమునకు లోబడినది కాదు. దానికి తన ఎల్లలు వేఱు, తన పన్ను వేఱు, తన పాలకులు వేఱు. ఫ్రిస్కో పిల్లలే కాక, ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ ఊళ్ళలోని కొన్ని పేటల పిల్లలును దీని క్రిందికే వత్తురు. పౌరులు ఎన్నుకొను ఏడుగురు ధర్మకర్తలు దీనిని నడపుదురు. వారికి జీతభత్యములు లేవు. పగలు తమతమ ఉద్యోగములు చేసికొని, సాయంకాలము వచ్చి కూర్చుండి, బస్సుల మరమ్మతు మొదలు పాఠ్యగ్రంథముల వఱకు సమస్తమును చర్చింతురు. మన తెలుగువాడగు గోపాల్ పొనంగి ఆ మండలిలో సభ్యుడుగా పనిచేసెనని విని నేను హర్షించితిని.

ఒకనాడు తెల్లవాఱకముందే నా మిత్రుని మనుమరాలు నన్ను తన వాద్యబృందపు సాధనకు వెంటబెట్టుకొని పోయెను. హైస్కూలు వెనుకనున్న కార్లు నిలుపు విశాలస్థలముపై, ఆటమైదానము కొలతలతో తెల్లని గీతలు గీయబడియున్నవి. దీపస్తంభముల వెలుతురులో వందకు పైగా పిల్లలు, ఎవరి వాద్యము వారు పట్టుకొని, ఎవరి చోట వారు నిలిచిరి. ఒక్కొక్కరి మెడలో చిన్న పుస్తకమొకటి దారముతో వ్రేలాడుచుండెను. అందు ప్రతి ఘట్టమునకు తాను నిలువవలసిన చోటు గజములలోను అడుగులలోను వ్రాసికొనియున్నది. ఐదు గజముల దూరమునకు సరిగా ఎనిమిది అడుగులు పడవలెను, అనగా అడుగుకు 22.5 అంగుళములు; పొట్టివాడైనను పొడగరియైనను అడుగు అంతే. ముందునకు నడచుచు, వెనుకకు నడచుచు, ప్రక్కకు జరుగుచు, ముఖము మాత్రము ప్రేక్షకులవైపే త్రిప్పి, ఊపిరి తప్పక వాయింపవలెను. క్లారినెట్ వాయించు ఆ బాలిక విరామమున నా ప్రక్కకు వచ్చి, చెమట తుడుచుకొనుచు, "అడుగు తప్పితే నా ఒక్కదానికే కాదు తాతగారూ, అటూ ఇటూ ఉన్నవాళ్ళకి కూడా తప్పుతుంది" అనెను. ఇంతకన్న ఉత్తమమైన పౌరనీతిని ఏ పాఠ్యపుస్తకము బోధింపగలదు?

ఆ సాధనలో ఒక బాలుడు అందఱితో సమానముగా నడచెను, వాయించెను. కాని శుక్రవారము రాత్రి ఫుట్‌బాల్ ఆటనాడు మాత్రము మైదానముమీదికి రాలేదు. కారణమడుగగా, ఒక విషయమున వానికి డెబ్బదికి తక్కువగా మార్కులు వచ్చినవనిరి. 1984 నాటి టెక్సస్ విద్యాసంస్కరణ చట్టముతో మొదలై పిదప సడలింపబడిన నియమము ప్రకారము, డెబ్బది మార్కులు రానివాడు ఆటలందు, వాద్యప్రదర్శనలందు కొన్ని వారములు పాల్గొనరాదు, సాధన చేయవచ్చును, చదువు చక్కబఱచుకొన్న మీదట తిరిగి రావచ్చును. ఈ నియమము కఠినమని వాదించువారు కలరు. వానిని సాధనకు రమ్మని పిలుచుచుండుటయందే దాని కరుణ యున్నదని నా అభిప్రాయము. బడినుండి వెడలగొట్టక, తోటివారినుండి వేఱు చేయక, చేయవలసిన పనిని జ్ఞాపకము చేయు దండన దండనలలో ఉత్తమమైనది.

ఫుట్‌బాల్ ఆటను గూర్చి నాకు తెలిసినది స్వల్పము. 2016లో తెరచిన ఫోర్డ్ సెంటర్ అను పన్నెండు వేలమంది పట్టు క్రీడాశాల, డాలస్ కౌబాయ్స్ వృత్తిజట్టు సాధన చేయు చోటే, ఈ బడుల పిల్లలకు కూడ ఆటస్థలమగుట మాత్రము చెప్పదగినది. అక్కడ నన్ను ఆకర్షించినది ఆటకన్న, తినుబండారములు అమ్ము కిటికీల వెనుక నిలుచుండిన తల్లిదండ్రులు. ఆ అమ్మకపు లాభము బృందము ఖర్చులకు పోవును. వాద్యములను మైదానమునకు దొర్లించుకొని పోవువారును, నీళ్ళడబ్బాలు మోయువారును ఆ తల్లిదండ్రులే. వారిలో తెలుగు మాట వినబడినప్పుడు నా హృదయము నిండెను. అయితే మన జనసంఖ్యకు తగినంతగా వినబడలేదని కూడ చెప్పక తప్పదు.

ఆ వారమే హోంకమింగ్ ఉత్సవము. పాత విద్యార్థులు తమ బడికి తిరిగివచ్చు ఈ పండుగకు టెక్సస్‌లో ఒక ముచ్చటైన ఆచారము కలదు. బాలికలు చేమంతిపూవును ఎదపై తగిలించుకొందురు. మొదట నిజమైన చేమంతియే యుండగా, కాలక్రమమున అది పట్టుగుడ్డ పూవైనది, దానినుండి పట్టీలు దిగినవి, పట్టీలు జడలైనవి, జడలకు మువ్వలును చిట్టి బంతులును చిన్న ఎలుగుబంటి బొమ్మలును చేరినవి. ఇప్పుడది కంఠమునుండి కాళ్ళవఱకు జాఱు ఒక ఆభరణము. చిన్న తరగతులవారికి బడిరంగులు, చివరి యేటివారికి తెలుపును వెండియు. బాలురు దాని చిన్నరూపమును చేతికి కట్టుకొందురు. అంగడిలో కొనవచ్చును గాని, ఇంట చేసికొనుటయందే వీరికి సంతోషము.

మిత్రుని కుమార్తె యింట భోజనపు బల్లయంతయు ఆ పట్టీలతో నిండియుండెను. తల్లి వేడిజిగురు తుపాకితో పూరేకులు అతికించుచుండగా, గుంటూరినుండి వచ్చి యుండిన అమ్మమ్మ మొదట దూరమునుండి చూచుచుండి, పిమ్మట కళ్ళజోడు తగిలించుకొని బల్లదగ్గరకు జరిగెను. "ఇటివ్వవే, నాలుగు పాయలు అట్లా కాదు అల్లేది" అని, రెండు తెల్లపట్టీలను రెండు వెండిపట్టీలను చేతిలోనికి తీసికొని, బిగువు చెడకుండ, అంచు మడత పడకుండ అల్లి, కొనకు మువ్వలు గుత్తిగా కుట్టి, "ఇది మా జడకుప్పెల్లానే ఉందే తల్లీ!" అని మురిసిపోయెను. మనుమరాలు దానిని ఎత్తి కదపగా మువ్వలు ఘల్లుమనెను. "బాబాయిగారూ, అమ్మ వచ్చినప్పట్నుంచి ఇంత హుషారుగా ఉండటం ఇదే చూడటం" అని ఆ తల్లి నాతో మెల్లగా చెప్పెను. పరాయి ఊరి ఆచారమొకటి ముసలితల్లి వ్రేళ్ళకు పని కల్పించి ఆమెను ఆ యింటిలో పాలుగలదానిని చేసినది.

2008లో తెరచిన వృత్తివిద్యా కేంద్రమును కూడ చూచితిని. అన్ని హైస్కూళ్ళనుండి పిల్లలను దినములో కొంతభాగము బస్సులలో ఇచ్చటికి తెత్తురు. పశువైద్యము, వంట, యంత్రశిల్పము మొదలైనవి నేర్పుదురు. వంటశాలలో తెల్లటోపీలు పెట్టుకొన్న పిల్లలు ఉల్లిపాయలు తఱుగుచుండగా, ఉపాధ్యాయిని ఒకని చేయిపట్టి, కత్తిమొన బల్లనుండి లేవకుండ ఊపుట చూపించెను. ఈ తరగతులకు మన తల్లిదండ్రులు పిల్లలను పంప సంకోచింతురని ఒకరు చెప్పిరి. ఇంజనీరింగు, వైద్యములకన్న వేఱు విద్య లోకమున లేదను భ్రమను మనము సముద్రములు దాటించి తెచ్చుకొంటిమని నాకు బాధ కలిగినది. చేతిపని నేర్పు చదువు ఏ చదువునకును తక్కువ కాదు.

ఆ శరత్తున పిల్లలందఱి నోట వినిన వార్త సెల్‌ఫోనుల నిషేధము. 2025లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టముచేత, బడి వేళలో విద్యార్థులు వానిని వాడరాదు. మధ్యాహ్న భోజనశాల తలుపు తెరవగానే వచ్చిన కలకలము మా కాలపు బడులను స్ఫురింపజేసినది. పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూచి మాటలాడుచుండిరి. ఒక మూల నలుగురు చదరంగము పఱచుకొనిరి. మొదటి వారములు దుర్భరముగా గడచినవని పెద్ద పిల్లలు చెప్పిరి, ఇప్పుడు అలవాటైనదనియు చెప్పిరి. నేను ఈ చట్టమును మనసార మెచ్చుకొనుచున్నాను.

అక్టోబరు చివరి శుక్రవారమునకు బడి కార్యాలయములలో ఒక ప్రత్యేకత కలదు: రాష్ట్రమంతట విద్యార్థుల లెక్క ఆనాటి స్థితినిబట్టి నమోదగును. అది గాక, ప్రభుత్వ ధనసహాయము నిత్యహాజరు సగటుపై ఆధారపడును. అందుచేత బిడ్డ బడికి రాని దినము బడి ఆదాయమునకు కూడ లోటే. ఒక్కొక్క విద్యార్థికి మూలసహాయముగా 2019లో నిర్ణయించిన 6,160 డాలర్లు, ధరలెన్ని పెరిగినను, ఆఱు సంవత్సరములు కదలక నిలిచినవి. 2025లో దానికి 55 డాలర్లు మాత్రము చేర్చిరి. ఆదాయపుపన్ను లేని ఈ రాష్ట్రమున మిగిలిన భారములో అధికభాగము ఇండ్లపన్నుపై పడును. ఆ పన్నును ఒక పరిమితి దాటి పెంచవలెనన్న పౌరుల ఓటు కావలెను.

ఆ ఓటు ఎంతటి శక్తి కలదో ఫ్రిస్కో చరిత్రయే చెప్పును. 2016 ఆగస్టులో పన్ను పెంపును పౌరులు తిరస్కరించిరి. దాని ఫలితముగా ఖర్చులు తగ్గించిరి, కొత్త బడులు తెరచుటను వాయిదా వేసిరి. మెమోరియల్ హైస్కూలు ఆ విధముగనే ఆలస్యమై 2018లో తెరువబడినది. 2018 నవంబరులో అదే పౌరులు పన్నుమార్పును, 69 కోట్ల 10 లక్షల డాలర్ల ఋణపత్రములను ఆమోదించిరి. ఇటీవల మఱొక మలుపు వచ్చినది. ఇండ్ల ధరలు పెరిగి పడుచు కుటుంబములు ఇంకను ఉత్తరమునకు తరలిపోవుచుండుటచేత, దశాబ్దములుగా పెరుగుచు వచ్చిన విద్యార్థిసంఖ్య తగ్గుముఖము పట్టినది. స్టేలీ మిడిల్ స్కూలును 2024-25 విద్యాసంవత్సరాంతమున మూసివేసిరి. నిన్న బడులు చాలవని ఆరాటపడిన ఊరు నేడు ఏ బడిని ఉంచుకొనవలెనని ఆలోచించుచున్నది. అట్టి ఆలోచన జరుగునది ధర్మకర్తల సభలో. ఆ సభలో ఎవరైనను ముందుగా పేరిచ్చి కొద్ది నిమిషములు మాటలాడవచ్చును.

ఫ్రిస్కో తెలుగువారికి నా మనవి యిది. మీ బిడ్డల మార్కులను గూర్చి మీరు పడు శ్రద్ధ లోకమునకు తెలియును. ఆ శ్రద్ధలో కొంత బడికి కూడ ఇండు. ధర్మకర్తల ఎన్నిక మే మాసమున జరుగును. పౌరసత్వము గలవారు ఎన్నికకు ముప్పది దినములకు ముందే ఓటరులుగా నమోదు కండు. పౌరసత్వము రానివారికిని సభలో మాటలాడు హక్కు కలదు, శుక్రవారము సాయంకాలము తినుబండారముల కిటికీ వెనుక నిలుచు చోటును కలదు.