నిలవ లేని కల్లు

ప్రతి యేడూ నేను డిగ్రీ విద్యార్థులకు 'క్రీడాభిరామం' పరిచయం చేస్తాను. మంచనశర్మా టిట్టిభసెట్టీ కలిసి వొక్కరోజులో ఓరుగల్లు వీధులు తిరిగిన వైనం అది. పూటకూళ్ళ యింటి భోజనం దగ్గరికి వచ్చేసరికి తరగతికి నోరూరుతుంది. క్రిందటి యేడు ఆ ఘట్టం ముగించగానే వెనుక బెంచీ నుంచి వొక విద్యార్థి లేచి, "సార్, అప్పుడు ఓరుగల్లుల కల్లు గీసెటోళ్ళు లేకుండెనా?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కుర్రవాడు మాత్రం నవ్వలేదు. అతనిది ధర్మసాగరం, తండ్రిది గీత వృత్తి అని తర్వాత తెలిసింది.

ధర్మసాగరం నాకు తెలియని వూరు కాదు. దేవాదుల నుంచి యెత్తిపోసిన గోదావరి నీళ్ళు వచ్చి చేరే ఆ జలాశయాన్ని చూడడానికి యెన్నోసార్లు వెళ్ళాను. నీళ్ళను చూశాను, నీళ్ళమీది ఆకాశాన్ని చూశాను. తాటిచెట్లను కూడా చూశాను గాని, వాటిమీద మనిషి వుంటాడన్న ధ్యాస నాకు లేదు. మా యింట్లో కల్లు మాట యెత్తేవారు కాదు. చిన్నప్పుడు తాటివనం తోవన పోవద్దని అమ్మ చెప్పేది. యెందుకో చెప్పేది కాదు. చెప్పనక్కరలేదని మా మధ్యతరగతి నమ్మకం.

మాఘమాసంలో వొక ఆదివారం తెల్లవారుజామున ఆ కుర్రవాడు నన్ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. తండ్రి అప్పటికే చెట్టుమీద వున్నాడు. నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు, పక్కన కత్తి. పోతుతాటి గెలలను కట్టి, చివరను ఆకంత పలచగా కోసి, బొట్టుబొట్టుగా కారే రసాన్ని లొట్టికి పట్టాలి. పొద్దునా మాపూ యెక్కి మళ్ళీ కోయాలి. కోత లోతైతే గెల పాడవుతుంది. వొక్కపూట మానితే కోసినచోట యెండి ధార ఆగిపోతుంది. పండుగ లేదు, జ్వరం లేదు. తండ్రి గీస్తాడు, తల్లి పందిరి క్రింద పోసి అమ్ముతుంది, సెలవునాడు కొడుకు లొట్లు మోస్తాడు. ముగ్గురు మనుషులూ కొన్ని చెట్లూ — యిదీ ఆ పరిశ్రమ.

తాటాకు రేక మడిచి నా చేతికిచ్చారు. దాన్ని రెండు చేతులా పట్టుకోవడం నాకు చేతకాలేదు. మొదటి గుక్క చొక్కామీద పడింది. ఆ తల్లి నవ్వి రేకను సరిచేసింది. మొదట పోసింది సున్నం పూసిన లొట్టిలోది. సున్నం పులియనివ్వదు గనుక అది నీరా. తియ్యగా, తాటిపండు వాసన తగిలీ తగలనట్టు వున్నది. రెండవది అప్పుడే దించిన కల్లు. లొట్టి అడుగున మిగిలిన నిన్నటి మడ్డే దానికి తోడు. మనం పాలకు పెరుగు వేసినట్టే. తీపి వున్నది గాని దాని వెనుకనే పులుపు తరుముకు వస్తున్నది, నాలుకమీద సన్నగా చిటపటలాడుతున్నది. మూడవది నిన్న మాపు దించినది. తీపి అంతా పోయి గొంతులో గీసుకుపోయింది.

"రేపటికి ఇది కూడ పనికిరాదు సారూ. కల్లుకు నిలవ లేదు, మాకూ లేదు," అన్నాడు ఆ తండ్రి.

యీ మాట నన్ను యింటిదాకా వెంటాడింది. ద్రాక్షసారా పీపాలో యేళ్ళు గడిచినకొద్దీ ధర పెంచుకొంటుంది. కాలమే దానికి వడ్డీ. అందుకే దానికి సీసా వున్నది, సీసాకు వూరిపేరు వున్నది, రుచి చెప్పే పండితులు వున్నారు. కల్లు కథ వేరు. రసంలోని చక్కెర గంటలలోనే మద్యసారంగా మారి, నూటికి నాలుగైదు పాళ్ళ దాకా వచ్చి, ఆపైన వెనిగరైపోతుంది. దాచలేని సరుకు పెట్టుబడి కాలేదు. గీసేవాడు యేనాటి కూలి ఆనాడే తింటాడు. దీన్ని పెట్టుబడిగా మార్చదలచినవాడికి మిగిలే దారి వొక్కటే: కల్తీ.

యిది మన దేశానికే పరిమితమైన కథ కాదు. 1907లో దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షరైతులు, నీళ్ళూ చక్కెరా కలిపిన దొంగసారా తమ నోటి కూడు తీస్తున్నదని లక్షల సంఖ్యలో వీధులకెక్కారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది. పదిహేడవ పటాలం సైనికులు తిరుగుబాటు చేసి ప్రజల పక్షం వహించారు. ఆ జూన్ నెలలోనే కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. మన దగ్గర కలిపేది చక్కెర కూడా కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు త్రాగి కూలినాలి జనం ప్రాణాలు కోల్పోయారు. అటువంటి వార్త వచ్చినప్పుడల్లా మనం కల్లును తిడతాం. కల్లు యెక్కడుంది అందులో? చెట్టే లేని కల్లు అది. చెట్టెక్కేవాడి బేరాన్ని కూడా అదే చంపుతున్నది.

చెట్లను వేలం పాడుకొన్న కాంట్రాక్టర్ల క్రింద గీతపనివారు కూలీలుగా బ్రతికిన కాలం వొకటుండేది. సహకార సంఘాలు గాని, 'గీసేవాడికి చెట్టు' పథకం గాని వూరకే రాలేదు. బొమ్మగాని ధర్మభిక్షం వంటి కమ్యూనిస్టులు గీతపనివారిని కూడగట్టి పోరాడవలసివచ్చింది. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన సర్వాయి పాపన్న యీ కులంవాడేనని మనం సభలలో గర్వంగా చెప్పుకొంటాం. గర్వపడడం తేలిక, మోకు పట్టుకోవడం కష్టం.

బయలుదేరేముందు ఆ తండ్రి కుంటుతూ నాతో రోడ్డుదాకా వచ్చాడు. కొన్నేళ్ళ క్రితం మోకు జారి పడ్డాడట. 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో ప్రభుత్వం 2024లో కొత్త మోకులు యివ్వడం మొదలుపెట్టింది. కాలు విరిగింది అంతకుముందు.

"పోరడు మంచిగ చదువుతుండా సారూ?" అని అడిగాడు. చదువుతున్నాడన్నాను. "చదువనియుండ్రి. చెట్టు నాతోనే ఆఖరు."

నాకు నోట మాట రాలేదు. శ్రమ సౌందర్యం గురించి తరగతిలో గంటసేపు చెప్పగలవాణ్ణి. కాని నా కొడుకును ఆ చెట్టెక్కనిస్తానా? యెక్కనివ్వను. అటువంటప్పుడు అతని కొడుకు యెక్కాలని, నా రేకలో స్వచ్ఛమైన కల్లు పడాలని కోరే హక్కు నాకెక్కడిది? మనం అడగవలసింది వేరు. చెట్టు మనిషిని చంపకూడదు. కల్తీ చెట్టునూ త్రాగేవాణ్ణీ చంపకూడదు. గీసినవాడికి గౌరవంగా బ్రతికేంత కూలి దక్కాలి. అప్పుడు యెక్కడమో మానడమో ఆ కుర్రవాడు తానే తేల్చుకొంటాడు. యీనాడు అతనికి ఆ స్వేచ్ఛ లేదు. భయం మాత్రమే వున్నది.

యీ యేడు మళ్ళీ 'క్రీడాభిరామం' పాఠం వచ్చింది. పూటకూళ్ళ యింటి పద్యానికి ముందే ఆ విద్యార్థి ప్రశ్నను బల్లమీద వ్రాసి, జవాబు వెతకమన్నాను. యెవరూ నవ్వలేదు.