రాయకోట దారిలో నెమళ్ల మంద

హోసూరు నుంచి కృష్ణగిరికి అందరూ పోయేది 44వ నంబరు జాతీయ రహదారి మీద. తొందరగానే దించేస్తుంది గానీ దారిపొడుగునా లారీల వీపులు తప్ప కనిపించేదేమీ లేదు. నేను కెలమంగలం మీదుగా రాయకోట దారి పట్టాను. గతుకుల దారే, అయినా టమాటా తోటలు, గులాబీలు పెంచే పాలిథిన్ గుడారాలు, వాటి వెనక బండరాతి గుట్టలు, అక్కడక్కడ తోడొచ్చే సేలం రైలు పట్టాలు. ఈసారి పోయింది వాటి కోసం కాదు, నెమళ్ల కోసం.

నెమలిని చూడడానికి హోసూరువాడు ఊరు దాటి పోవడమేమిటని మా ఇంట్లో నవ్వారు. నవ్వరా మరి! సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చి, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చి, బాగలూరు రోడ్డు పొడుగునా ఇళ్లు లేచాక ఇక నెమళ్లు కనిపించవనుకున్నాం. తీరా చూస్తే, రాళ్లు పాతి వదిలేసిన లేఅవుట్లలో కంప పెరిగింది, ఆ కంపలో అవి కాపురం పెట్టాయి. పొద్దున మేడ మీద బట్టలు ఆరేయబోతే నీళ్ల ట్యాంకు మీది నుంచి ఒకటి మెడ చాచి చూస్తుంది. అయితే మావి ఒకటీ రెండూ. రాయకోట దగ్గర మందలుగా దిగుతాయని టమాటా లోడు తోలే మా పక్కింటాయన చెప్పి ఊరించాడు.

రాయకోట చేరేసరికి పొద్దు ఇంకా పొడవలేదు. ధనుర్మాసపు మంచు కోట గుట్టను నడుము దాకా మింగేసింది. టిప్పు సుల్తాను చేతుల్లోంచి 1791లో ఈస్టిండియా కంపెనీ సైన్యం లాక్కున్న కోట అది, ఇప్పుడు పురావస్తు శాఖ బోర్డు దానికి కాపలా. ఆ చలిలో ఎక్కేంత చరిత్ర పిచ్చి నాకు లేదు. టమాటా మండీలో అప్పటికే పెట్టెల చప్పుడు, పాటల కేకలు. టీ తాగి, ఊరు దాటి, మలుపులో ఆగాను.

గుట్టకూ రోడ్డుకూ నడుమ టమాటా తోట. చుట్టూ పాత చీరలు కంచెగా కట్టారు. గట్టు మీద ఒక అవ్వ పక్కన నూనె డబ్బా, చేతిలో కర్ర పెట్టుకుని కూర్చుంది. తెలుగులో పలకరిస్తే ఆమెకేమీ వింత అనిపించలేదు, ఈ సీమలో ఎన్నో ఊళ్లలో ఇంటి మాట తెలుగే.

“నెమిళ్లను చూసేదానికి వస్తివా నాయనా? చూడు, చూడు. మాకైతే వాటి మొగం చూస్తే కడుపు మండతాది.”

మొదట ఒక ఆడనెమలి గుట్ట అంచున బండ మీదికొచ్చి నిలబడింది. ఒళ్లు కదల్లేదు, తల మాత్రం అటూ ఇటూ తిరిగింది. తర్వాత ఒక్కొక్కటే దిగాయి. రెక్కలుండీ ఎగరలేదు, నడిచే వచ్చాయి. ఇరవైకి తక్కువ లేవు. ముందు ఆడవి, వాటి మధ్య సగం ఎదిగిన పిల్లలు, చివరన మగవి. జతకట్టే కాలం పోయాక మగవాటి పించం రాలి మళ్లీ మొలుస్తుంది. వీటికి ఇంకా నిండుగా రాలేదు. నాట్యం కోసం వచ్చేవాళ్లకు ఇది అదను కాదు. నాకు మాత్రం ఈ పించం లేని మగనెమలే నచ్చింది. పెళ్లి బట్టలు విప్పేసి పనిలో పడిన పెళ్లికొడుకులా ఉంది. నీలిమెడ, పొడుగుకాళ్లు, కాలి వెనక ముల్లు, నాలుగైదు కిలోల ఒళ్లు అన్నీ తేటగా కనబడ్డాయి.

ఒక ఆడది చీర కిందినుంచి మెడ దూర్చింది. పండిన కాయను పక్కనుంచి ఒక్క పొడుపు పొడిచింది. చిన్న బెజ్జం. రసం కారింది, గింజలు ముక్కుకు అంటుకున్నాయి. మింగింది, తలెత్తి నావైపు చూసింది, ఆ కాయను వదిలేసి పక్కదానికి పోయింది. అక్కడా అంతే. తిన్నది చారెడు, పాడుచేసింది గంపెడు.

“తింటే తినిపోనీ, అదీ ఒక ప్రాణమే,” అంది అవ్వ. “ఒక కాయ ముగించి ఇంకోదాన్ని ముట్టకూడదా? కాయకొక పొడుపు పొడిచి పోతాయి. బెజ్జం పడిన కాయను మండీలో ఎవురు తీసుకుంటారు?”

డబ్బా వాయించింది. మంద తలలెత్తి నాలుగడుగులు వెనక్కి వేసింది. డబ్బా ఆగగానే అయిదడుగులు ముందుకు వచ్చింది.

“చెనిక్కాయ ఇత్తేటప్పుడు చూడాల వీటి చోద్యం. ముందర మేము ఇత్తుకుంటా పోతాము, వెనకాలే ఇవి తవ్వుకుంటా వస్తాయి.”

రాయి విసరరా అని అడిగితే చెంపలేసుకుంది. “సుబ్రమణ్యసామి వాహనం, ఎట్ల కొట్టేది? అయినా ఆ సామికి మా తోటే కనిపించిందా?” కాసేపాగి, “పాములు మాత్రం లేవులే తోటలో” అని ఒప్పుకుంది.

సామి భయం లేనివాడికి చట్టం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే జైలు మూడేళ్లకు తగ్గదు. రాలిన పించం ఇంట్లో పెట్టుకుంటే తప్పు కాదు, విదేశాలకు పంపితే తప్పు. అందుకే కావడి మోసేవాళ్ల భుజాల మీద పించాలు ఇప్పటికీ ఊగుతున్నాయి. నెమళ్లు పెరగడానికి చట్టమొక్కటే కారణం కాదు. వాటి పిల్లల్ని, గుడ్లను తినే నక్కలు తగ్గాయి, మెట్ట చేలకు బోరునీళ్లు వచ్చి ఏడాది పొడుగునా మేత దొరుకుతోంది, గుట్టల్లో దాక్కోవడానికి కంప ఉంది. 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక కూడా నెమలి వేగంగా పెరుగుతున్న పిట్టల్లో ఒకటని తేల్చింది. ఆ లెక్క మా అవ్వకు ఎప్పుడో తెలుసు.

1963లో నెమలిని జాతీయ పక్షిగా ప్రకటించక ముందు, ఆ గౌరవం బట్టమేక పిట్టకు దక్కాలని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వాదించాడు. అదీ నేల మీద తిరిగే పెద్ద పిట్టే. దాని కోసం 1988లో కర్నూలు వైపు రోళ్లపాడులో అభయారణ్యం ప్రకటించారు. ఇప్పుడా పిట్ట దేశం మొత్తం మీద అంతరించే అంచున ఉంది. అది పచ్చిక బీళ్లను నమ్ముకుంది, బీళ్లు పోయాయి. నెమలి మన తోటల్ని నమ్ముకుంది.

ఎండెక్కేసరికి మంద కంపలోకి జారుకుంది. అవ్వ కోడలు రాగిసంగటి, పితికిపప్పు పులుసు తెచ్చింది. అనపకాయల కాలం కదా. రాత్రి నానబెట్టిన గింజను వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తొక్క వీడి పప్పు జారి పడుతుంది. ఆ పని చేసిన చేతులకు అనప వాసన మర్నాటి దాకా పోదు. సంగటి ముద్దను తుంచి, గుంట చేసి, పులుసు నింపి మింగాలి, నమిలావంటే ఊరివాడివి కాదని తెలిసిపోతుంది. రహదారి పక్క పెద్ద హోటళ్లలో నేను తిన్న భోజనాలన్నీ దీని ముందు దండగ.

తర్వాత కృష్ణగిరి, డ్యాము, వేయించిన చేపలు, ఒక రాత్రి దోమలు.

మర్నాడు బర్గూరు వైపు తొగరపల్లి దగ్గరున్న మయిలాడుంపారైకి పోయాను. నెమలి ఆడే బండ అన్న పేరే నన్ను లాగింది. అక్కడ తవ్వితే దొరికిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2022 మేలో శాసనసభలో ప్రకటించారు. దేశంలో ఇనుము వాడకం నాలుగు వేల ఏళ్లు దాటిందని అప్పుడు పెద్ద వార్త. 2025 జనవరిలో తూత్తుకుడి జిల్లా శివగళై ఇనుము ఇంకా పాతదని తేలి ఆ పట్టం అటు పోయింది. బండ మాత్రం బాగుంది. చుట్టూ గుట్టూరు, గిడ్లూరు, సప్పముట్లు లాంటి ఊళ్లు, పేరు వింటే మన పక్క ఊళ్లే అనిపిస్తాయి. మేకలు కనిపించాయి. నెమలి ఒక్కటి లేదు.

తిరుగుదారిలో టీకొట్టాయన నా నెమళ్ల కథంతా విని, “మాకు ఇంకో పిట్ట కథ ఉందిలే అన్నా” అన్నాడు. ఈము. వాటిని పెంచితే నెలనెలా డబ్బులిస్తామని పెరుందురై కంపెనీలు అంటే ఈయన బావమరిది అప్పు చేసి పిల్లల్ని కొన్నాడట. 2012లో కంపెనీలు మూతపడ్డాయి, మేతకు డబ్బుల్లేక ఆ పిట్టల్ని ఏం చేయాలో తోచలేదు. “నెమలికి ఎవడూ మేత కొనడు, ఎవడూ మోసపోడు” అని గ్లాసు కడిగాడు. మోసపోయేది ఎవరో రాయకోట అవ్వ చెబుతుంది. నెమలి తిన్న కాయ లెక్కను ఎవరికి రాయాలో ఆమెకు తెలియదు. చట్టం పిట్టను బాగానే కాపాడింది, దాన్ని మేపుతున్న రెండెకరాల రైతును మరిచిపోయింది.

మీరు పోతే తెల్లవారకముందే పోండి, ఎండెక్కితే ఒక్కటీ కనిపించదు. హారన్ కొట్టకండి, బిస్కెట్లు వేయకండి. గట్టు మీద టమాటాలు అమ్ముతుంటే బేరమాడకుండా కొనండి.