గేరుబాక్సు దించిన కథ

బండికి ఇంజను ఒక్కటీ ఉంటే చాలదు. ఇంజను ఎప్పుడూ వేగంగా తిరుగుతూ ఉంటుంది. చక్రాలేమో నిలుచున్న చోటునుంచి మెల్లగా కదలాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది గేరుబాక్సు. మొదటి గేరులో ఇంజను సుమారు 4 చుట్లు తిరిగితే, చక్రాలవైపు వెళ్ళే షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. గేరు మార్చేటప్పుడు ఇంజనును క్షణంపాటు విడదీసేది క్లచ్. గేర్ల వేగాలను ముందుగా సమానం చేసే ఏర్పాటు 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. దానివల్ల గేర్లు గరగరమనడం తగ్గింది గాని, క్లచ్ అవసరం మాత్రం తీరలేదు.

మేము అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాం. ఒకనాడు మా పాత పికప్ బండి క్లచ్ పెడలు తొక్కితే, అది నేలకంటా దిగి మళ్ళీ పైకి రాలేదు. కింద నూనె చుక్కలు కారుతున్నాయి. క్లచ్‌ను నొక్కే చిన్న సిలిండరు మా బండిలో గేరుబాక్సు మూతిలోపల, షాఫ్టు చుట్టూ ఉంటుంది. అరచేతిలో పట్టే ఆ వస్తువును మార్చాలంటే గేరుబాక్సు మొత్తం దించవలసిందే! షెడ్డులో అడిగిన కూలి బండి ఖరీదును మించింది. బండి లేకపోతే నేను పనికి వెళ్ళే దారి లేదు. అందుచేత నేనూ, పన్నెండేళ్ళ మా అబ్బాయీ కలిసి ఇంటిముందు సిమెంటు నేలమీదనే ఆ పనికి పూనుకున్నాం.

ముందు బ్యాటరీ తీగ విప్పాం. బండిని జాకీతో ఎత్తి, నాలుగు మూలలా ఇనుప స్టాండ్లమీద నిలిపాం. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఉత్త జాకీమీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరరాదు. బండిని గట్టిగా ఊపి చూసి, కదలదని తేలాకనే నేను కిందికి వెళ్ళాను. మావాడు పక్కనే ఉండి పానాలు అందించాలనీ, కిందికి రాకూడదనీ షరతు పెట్టాను.

గేరు నూనె దించగానే కుళ్ళిన గుడ్ల వాసన వేసింది.

"నూనె పాడైపోయిందా, నాన్నా?" అన్నాడు వాడు.

"లేదురా. గేర్ల పళ్ళు అరిగిపోకుండా అందులో గంధకం కలిసిన మందులు వేస్తారు," అన్నాను.

షాఫ్టు విప్పేముందు, తిరిగి అలాగే బిగించడానికి గుర్తుగా తెల్లరంగు గీత పెట్టాం. మావాడు అట్టమీద బండి బొమ్మ గీసి, విప్పిన ప్రతి బోల్టునూ దాని చోటున గుచ్చసాగాడు.

చివరకు ఇంజను వాలిపోకుండా కింద దన్ను పెట్టాం. గేరుబాక్సును దానికోసమే చేసిన జాకీమీద గొలుసుతో కట్టి, మిగిలిన బోల్టులు తీశాం. అది కాస్త వెనక్కు వచ్చి బిగుసుకుపోయింది!

చూడవచ్చిన పొరుగాయన, "గట్టిగా లాగండి, అదే వస్తుంది," అన్నాడు. అలా లాగితే బరువంతా షాఫ్టుమీద పడి క్లచ్ ప్లేటు వంగిపోవచ్చు.

ఇంతలో పక్కనుంచి టార్చి వేసి చూస్తున్న మావాడు, "నాన్నా, సందు పైన బొటనవేలంత ఉంది, కింద చిటికెనవేలంత కూడా లేదు!" అన్నాడు.

అంటే గేరుబాక్సు తోక కిందికి వాలిందన్నమాట! జాకీ పలకను సరిచేసి తోకను కొంచెం ఎత్తాను. సందు చుట్టూ సమానం అయింది. అటూ ఇటూ మెల్లగా కదిపేసరికి గేరుబాక్సు జారి వెనక్కు వచ్చేసింది. ఎవరూ బలం ఉపయోగించవలసిన పని లేకపోయింది.

మర్నాడు కొత్త సిలిండరూ, కొత్త క్లచ్ ప్లేటూ వేశాం. ప్లేటు సరిగా నడిమధ్యన కూర్చోకపోతే గేరుబాక్సు తిరిగి ఎక్కదు. అందుకని షాఫ్టులాటి ప్లాస్టిక్ కడ్డీ ఒకటి దూర్చి దాన్ని నిలబెట్టాం. ఎక్కించేటప్పుడు కూడా సందు కొలిచి చెప్పినవాడు మావాడే.

కొత్త నూనె పోసి, గొట్టంలోని గాలి తీసేశాక పెడలు తొక్కాను. అది నా కాలిని గట్టిగా ఎదురు నెట్టింది. మావాడు అట్ట తెచ్చి చూపించాడు. దానిమీద ఒక్క బోల్టు కూడా మిగల్లేదు.